"పేదోళ్లకి ఇది చాలు" అన్న మాటని ఒప్పుకోని కంటి డాక్టర్ కథ, మనకి దానితో పని



పోస్టు పెద్దదే. తీరిక దొరికినప్పుడు చదవండి, కానీ చివరిదాకా చదవండి.

నీట్ రిజల్ట్స్ వచ్చిన వారం మన గ్రూపు నిండా ఫొటోలే ఉంటాయి. మన పిల్లల్లో ఎవరికి సీటొచ్చినా మనందరికీ పండగే. కింద "మట్టిలో మాణిక్యం" అని, "కష్టపడితే సాధించలేనిది లేదు" అని రాస్తాం. రాయాలి కూడా. కానీ ఆ ఫొటో తర్వాత ఏం జరగాలో పెద్దగా మాట్లాడుకోం. మన పిల్ల డాక్టరయితే మన ఊళ్లో ఏం మారాలి? ఆమె కొండెక్కి వచ్చి మన మధ్యే ఉండిపోవాలా? టౌన్లో ఉంటే మనల్ని మర్చిపోయినట్టేనా?

మా హాస్టల్లో రాత్రిపూట ఈ వాదన చాలాసార్లు నడిచింది. నేపాల్‌కి చెందిన కంటి డాక్టర్ సందుక్ రుయిత్ జీవితం గురించి చదివాక మాకు ఒక స్పష్టత వచ్చింది. మేం చెప్పదల్చుకున్నది ముందే చెప్పేస్తాం. మనలోంచి డాక్టర్లు రావాలి, సరే. అయితే "అడవిలో ఉన్నోళ్లకి ఈ మాత్రం చాల్లే" అనే మాటని ఒప్పుకోని డాక్టర్లు రావాలి. ఆ మాటని ఒప్పుకోని మనుషులుగా మనమూ ఉండాలి.

ఆయన ఎక్కడినుంచి వచ్చాడు

సందుక్ రుయిత్ 1954లో పుట్టారు. ఊరి పేరు ఓలాంగ్‌చుంగ్ గోలా. నేపాల్‌కి ఈశాన్య మూల, తాప్లేజంగ్ జిల్లాలో, టిబెట్ సరిహద్దుకి దగ్గర్లో, పది వేల అడుగుల పైన ఉండే ఊరు. అక్కడి జనాన్ని వాలుంగ్‌లు అంటారు. నేపాల్ ప్రభుత్వం గుర్తించిన ఆదివాసీ జనజాతుల్లో వాళ్లూ ఉన్నారు. ఆయన పుట్టేనాటికి ఆ ఊళ్లో కరెంటు లేదు, బడి లేదు, ఆసుపత్రి లేదు. అమ్మానాన్నలకి చదువు రాదు. నాన్న చిన్న వ్యాపారి. ఆ దారుల్లో అప్పట్లో టిబెట్‌తో ఉప్పు వ్యాపారం నడిచేది.

పిల్లవాడికి ఏడేళ్లప్పుడు ఆ నాన్న చదివించాలని నిర్ణయించుకుని డార్జిలింగ్ తీసుకెళ్లి అక్కడ బడిలో వేశారు. దారి పొడుగునా నడకే, పది రోజులకి పైగా. ఇంట్లో మాట్లాడేది ఒక భాష, బడిలో వినపడేది ఇంకో భాష. ఏళ్ల తరబడి ఇంటి ముఖం చూడకుండా చదువుకున్నారు. ఇది మనకి కొత్తగా చెప్పాలా? కువి మాట్లాడే పిల్లలు, కోయ, గోండి, సవర మాట్లాడే పిల్లలు ఒకటో తరగతిలో తెలుగు పుస్తకం ముందు కూర్చున్నప్పుడు ఎలా ఉంటుందో ఈ గ్రూపులో సగం మందికి తెలుసు.

ఆ ఇంట్లో ఆరుగురు పిల్లలు పుడితే ముగ్గురు చిన్నతనంలోనే పోయారు. ఒకరు విరేచనాలతో, ఒకరు జ్వరంతో. మూడో మనిషి చెల్లెలు యాంగ్‌లా. ఆయనకి 17 ఏళ్లప్పుడు ఆమె క్షయతో చనిపోయింది. క్షయకి మందులు అప్పటికే లోకంలో ఉన్నాయి. ఆ ఇంటికి అందేంత దగ్గరగా, చవగ్గా లేవు. డాక్టర్ కావాలన్న పట్టుదల ఆ చావుతోనే వచ్చిందని ఆయన చాలాచోట్ల చెప్పుకున్నారు.

తర్వాత చదువంతా మన దేశంలోనే. స్కాలర్‌షిప్ మీద లక్నో కింగ్ జార్జ్ మెడికల్ కాలేజీలో ఎంబీబీఎస్. కొన్నాళ్లు ఖాట్మండులో డాక్టరుగా పనిచేసి, 1981 నుంచి 1984 వరకు ఢిల్లీ ఎయిమ్స్‌లో కంటి వైద్యంలో పీజీ.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగుదాం. "చూశారా, కష్టపడితే ఎవరైనా కావచ్చు" అని ఈ కథని ముగించేవాళ్లు చాలామంది ఉంటారు. మేం అలా ముగించం. ఆ ఊళ్లో ఆయన ఒక్కడే తెలివైన పిల్లవాడా? ఆయన వెనక ఒక నాన్న నిర్ణయం ఉంది, హాస్టల్ బతుకు ఉంది, టైంకి అందిన స్కాలర్‌షిప్ ఉంది. వీటిలో ఏది తెగినా ఆ పిల్లవాడు ఉప్పు మోసుకుంటూ ఉండిపోయేవాడు. మన హాస్టల్‌కి సన్నబియ్యం అడిగినా, ఆగిపోయిన స్కాలర్‌షిప్ అడిగినా "వీళ్లకెప్పుడూ గోలే" అంటారు చూడండి, వాళ్లకి ఈ కథ ఇలాగే చెప్పాలి.

అసలు గొడవ ఎక్కడ మొదలైంది

దీనికి ముందు శుక్లం గురించి రెండు మాటలు. మన కంట్లో చూపుని సరిచేసే ఒక కటకం ఉంటుంది, లెన్స్ అంటాం. వయసు మీద పడ్డాక అది మసకబారి తెల్లబడుతుంది. మనోళ్లు "కంట్లో పొర కమ్మింది" అంటారు. మందులతో కరగదు, ఆపరేషన్ ఒక్కటే దారి. మన దేశంలో 2015-19 మధ్య జరిగిన జాతీయ సర్వేలో 50 ఏళ్లు పైబడినవాళ్ల గుడ్డితనంలో 66.2 శాతం శుక్లాల వల్లేనని తేలింది. అంటే చూపు పోయిన ప్రతి ముగ్గురు పెద్దవాళ్లలో ఇద్దరికి తిరిగి చూపు తెప్పించే అవకాశం ఉండింది.

పాత పద్ధతిలో ఆ మసకబారిన లెన్స్‌ని మొత్తంగా తీసేసేవారు. దాని బదులు కంట్లో ఏమీ పెట్టేవారు కాదు. సోడాబుడ్డి అద్దాలు ఇచ్చి పంపేవారు. మన ముసలాళ్ల పాత ఫొటోల్లో ఆ అద్దాలు కనిపిస్తాయి. ఆ అద్దాల్లోంచి అన్నీ పెద్దవిగా, వంకరగా కనపడతాయి, పక్క చూపు సరిగా ఉండదు. కొండ దారిలో జారిపడి అద్దం పగిలిందంటే ఆ మనిషి మళ్లీ గుడ్డివాడే. కొత్తది తెచ్చుకోవాలంటే రోజుల తరబడి నడవాలి.

అప్పటికే డబ్బున్న దేశాల్లో కొత్త పద్ధతి వచ్చేసింది. మసకబారిన భాగాన్ని తీసి, ఆ స్థలంలోనే చిన్న ప్లాస్టిక్ లెన్స్ అమర్చడం. లావు అద్దాల అవసరమే ఉండదు. కానీ ఒక్కో లెన్స్ ధర వంద డాలర్ల పైమాటే, మైక్రోస్కోప్ కావాలి, చేయి తిరిగిన డాక్టర్ కావాలి. అందుకని 1980ల్లో చాలామంది నిపుణులు ఏమన్నారంటే, ఇది పేద దేశాలకి కుదరదు, పల్లెల్లో క్యాంపుల్లో అసలే కుదరదు, వాళ్లకి పాత పద్ధతి, లావు అద్దాలే సరి అని.

రుయిత్ దీన్నే ఒప్పుకోలేదు. ఢిల్లీలో ఉన్నవాడి కంటికి, కొండ మీద ఉన్నవాడి కంటికి తేడా ఏంటన్నది ఆయన పట్టుకున్న పట్టు.

1985లో నేపాల్ వచ్చిన ఆస్ట్రేలియా కంటి డాక్టర్ ఫ్రెడ్ హాలోస్‌తో ఆయనకి పరిచయమైంది. ఈ హాలోస్ గురించి కూడా మనం తెలుసుకోవాలి. సిడ్నీలోని రెడ్‌ఫెర్న్‌లో 1971లో అక్కడి ఆదివాసులు సొంతంగా నడుపుకునే వైద్యశాల మొదలుపెట్టినప్పుడు తోడుగా నిలబడ్డవాళ్లలో ఆయనొకరు. 1976 నుంచి ఆస్ట్రేలియా మారుమూలల్లో వందల ఊళ్లు తిరిగిన కంటి వైద్య బృందాన్ని నడిపారు. ఆ తిరుగుడులో 60 వేలకి పైగా ఆదివాసుల కళ్లు పరీక్ష చేశారు. అంత ధనిక దేశంలో ఆదివాసులు మాత్రం ట్రకోమా అనే కంటి జబ్బుతో చూపు పోగొట్టుకుంటున్నారని బయటపెట్టిన పని అది. రుయిత్ సిడ్నీ వెళ్లి ఏడాదికి పైగా ఆయన దగ్గర పనిచేసి నేర్చుకున్నారు. వెళ్లినాయన అక్కడే స్థిరపడొచ్చు. తిరిగి వచ్చేశారు.

ఆయన కట్టింది ఏంటి

1994లో ఖాట్మండులో తిల్‌గంగ కంటి ఆసుపత్రి మొదలైంది. దానికి ఏడాది ముందే హాలోస్ క్యాన్సర్‌తో చనిపోయారు, కానీ ఆయన పేరు మీద పెట్టిన సంస్థ తోడుంది. ఆసుపత్రితో పాటే లెన్స్‌లు తయారుచేసే ఫ్యాక్టరీ కూడా అక్కడే పెట్టారు. అలాంటిదే ఆఫ్రికాలోని ఎరిట్రియాలోనూ పెట్టారు. వంద డాలర్ల పైన ఉన్న లెన్స్ ఐదు డాలర్ల దగ్గరికి దిగింది. మన దేశంలో కూడా మధురై అరవింద్ కంటి ఆసుపత్రి వాళ్లు 1992లోనే ఆరోల్యాబ్ పెట్టి ఇదే పని చేశారు. "వీళ్లకి కుదరదు" అన్న మాటకి ఈ ఇద్దరి సమాధానం ఒక్కటే: ధరే అడ్డమైతే ధరని దించుదాం, మనిషిని ఎందుకు తగ్గించాలి?

ఆపరేషన్ పద్ధతిని కూడా రుయిత్ సులువు చేశారు. చిన్న కోత, కుట్లు అక్కర్లేదు, లక్షల ఖరీదు చేసే మిషన్ అక్కర్లేదు, పది నిమిషాల లోపు పని. దీన్ని కూడా "పేదోళ్ల ఆపరేషన్" అని చులకన చేసేవాళ్లు ఉన్నారు. దానికి ఆయన గొంతు పెంచలేదు, లెక్క చూపించారు. నేపాల్‌లోనే 108 మంది రోగులని రెండు భాగాలు చేసి, సగం మందికి అమెరికన్ డాక్టర్ ఖరీదైన మిషన్‌తో, సగం మందికి రుయిత్ తన పద్ధతిలో ఆపరేషన్ చేశారు. ఆరు నెలల తర్వాత చూస్తే ఫలితం రెండు వైపులా దాదాపు ఒకటే. టైం, ఖర్చు మాత్రం రుయిత్ పద్ధతిలోనే తక్కువ. 2007లో ఇది అమెరికా కంటి వైద్య పత్రికలో అచ్చయింది.

ఆసుపత్రికి రాలేనివాళ్ల దగ్గరికి ఆసుపత్రినే మోయించుకుని వెళ్లారు. మైక్రోస్కోప్‌లు, లెన్స్‌లు మనుషుల వీపుల మీద, జంతువుల మీద కొండలెక్కాయి. బడి గదులే ఆపరేషన్ థియేటర్లు. అయినా లెన్స్ అదే, శుభ్రత అదే, మర్నాడు కట్టు విప్పి చూసే పద్ధతీ అదే. అలా నేపాల్ మారుమూలలే కాక టిబెట్, భూటాన్, చివరికి ఉత్తర కొరియా దాకా వెళ్లారు. తన చేత్తో చేసినవే లక్షకి పైగా ఆపరేషన్లు. దానికన్నా పెద్ద పని, వేరే దేశాల డాక్టర్లకి ఆ పద్ధతి నేర్పించడం. 2006లో రామన్ మెగసెసే అవార్డు, 2018లో మన ప్రభుత్వం పద్మశ్రీ ఇచ్చాయి.

మనకి దీనితో పని ఏంటి

మా రూంలో ఆరుగురం ఉంటాం. అందులో నలుగురి ఇళ్లల్లో చూపు ఆనని అవ్వో తాతో ఉన్నారు. మన ఇళ్లల్లో చూపు పోయిన ముసలాయన ఒక్కడే ఆగిపోడు. ఆయన కర్రకి రెండో చివర పట్టుకుని ముందు నడిచే పిల్ల ఒకతి ఉంటుంది. ఆ పిల్ల బడికి పోదు. శుక్లం ముసలోళ్ల జబ్బు అంటారు గానీ, చాలా ఇళ్లల్లో దాని ఖరీదు కట్టేది ఆడపిల్ల చదువే.

ప్రభుత్వాలు ఏమీ చేయలేదని మేం అనం. తెలంగాణలో 2018 ఆగస్టు 15న, ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబర్‌లో కంటి వెలుగు పేరుతో పరీక్షలు మొదలయ్యాయి. అద్దాలు చాలామందికి అందాయి. హైదరాబాద్‌లో డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావు అమెరికా నుంచి తిరిగొచ్చి 1987లో పెట్టిన ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి కూడా పల్లెల్లో చిన్న చిన్న కేంద్రాలు పెట్టి, స్థానిక యువతకే ట్రైనింగ్ ఇచ్చి నడిపిస్తోంది. దారి లేదని ఎవరూ అనలేరు.

కానీ మన దగ్గరికి వచ్చేసరికి ఆ పాత మాటే ఇంకో రూపంలో వస్తుంది. పోయినేడు ఎండాకాలం మా వైపు సంతలో ఒక కంటి క్యాంపు పెట్టారు. ఎవరు పెట్టారో పేరు రాయం, అది ముఖ్యం కాదు. ముసలోళ్లని బస్సెక్కించి టౌన్‌కి తీసుకెళ్లి, ఆపరేషన్ చేసి, మూడో రోజు రోడ్డు మీద దించేశారు. రోడ్డు నుంచి ఊరికి ఇంకా నాలుగు కిలోమీటర్ల నడక. చేతిలో చుక్కల మందు, ఇంగ్లీషులో రాసిన కాగితం. రోజుకి ఎన్ని చుక్కలు, ఎన్ని వారాలు అని వాళ్ల భాషలో చెప్పిన మనిషి లేడు. ఒక అవ్వ రెండు రోజులు వేసి, మంట తగ్గింది కదా అని ఆపేసింది. వారం తర్వాత చూస్తామన్నవాళ్లు రాలేదు. ఆ కన్ను ఎర్రబడి నెలన్నర బాధపడింది. ఊరి కుర్రాళ్లు ఫోన్ చేసి అడిగితే వచ్చిన జవాబు: "ఫ్రీగానే చేశాం కదా."

ఈ "ఫ్రీగానే కదా" అన్న మాట, 1980ల్లో రుయిత్‌కి ఎదురైన "వాళ్లకి లావు అద్దాలు చాలు" అన్న మాట, రెండూ ఒక్క తల్లి పిల్లలే. ఫ్రీ అంటే సగం పని అని కాదు. తిల్‌గంగలో డబ్బున్నవాళ్లు డబ్బు కడతారు, లేనివాళ్లకి తక్కువకో ఉచితంగానో చేస్తారు. అక్కడ డబ్బు లేనివాళ్లకి కూడా కంట్లో లెన్స్ పెడతారు.

ఇప్పుడు మొదట్లో వేసుకున్న ప్రశ్నకి వస్తాం. మన డాక్టర్ సీనియర్లు టౌన్లో ఉంటే తిట్టాలా? మా సమాధానం, అక్కర్లేదు. రుయిత్ ఓలాంగ్‌చుంగ్ గోలాకి తిరిగి వెళ్లి అక్కడ కాపురం పెట్టలేదు. ఖాట్మండులో ఉన్నారు. ఆ ఊళ్లో చిన్న క్లినిక్ పెట్టుకుని కూర్చుంటే ఒక్క లోయకి మేలు జరిగేది. ఆసుపత్రి, ఫ్యాక్టరీ, ట్రైనింగ్ మూడూ కట్టారు కాబట్టి వందల లోయలకి దారి పడింది. కాబట్టి "ఊరికి తిరిగొచ్చావా" అని అడగొద్దు. "నువ్వున్న చోటు నుంచి మన ఊరికి ఏ దారి వేశావు" అని అడుగుదాం. ఈ ప్రశ్న మాత్రం అడిగి తీరాలి. రిజర్వేషన్ సీటు మన తాతల పోరాటాల మీద వచ్చింది, దాని మీద ఊరికి హక్కుంది.

"అందరూ రుయిత్‌లు అవుతారా" అని ఒక తమ్ముడు మా రూంలో అడిగాడు. అవ్వరు. మేం చదివేది కూడా డిగ్రీయే, ఎంబీబీఎస్ కాదు. మా ఇళ్లల్లో కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. అయినా ఆ క్యాంపులు ఒక్క సర్జన్‌తో నడవవు. చూపు పరీక్ష చేసేవాళ్లు, నర్సులు, పరికరాలు శుభ్రం చేసేవాళ్లు, భయపడే ముసలమ్మకి తన భాషలో ధైర్యం చెప్పేవాళ్లు కావాలి. చివరి పని మనకన్నా బాగా ఎవరూ చేయలేరు.

కాబట్టి మా ప్రతిపాదనలు

1. దసరాకో సంక్రాంతికో ఇంటికి వెళ్లినప్పుడు ప్రతి ఒక్కరం మన ఊళ్లో చూపు ఆనని పెద్దవాళ్ల లిస్టు రాద్దాం. మూడు మీటర్ల దూరంలో నిలబడి వేళ్లు చూపించండి, ఒక్కో కన్ను మూసి లెక్కపెట్టమనండి. చెప్పలేకపోతే పేరు రాసుకోండి. అది శుక్లమా, నీటికాసులా, ఇంకేదైనానా అని తేల్చేది డాక్టరే. మనం "చూపు వచ్చేస్తుంది" అని మాటివ్వకూడదు.

2. "శుక్లం బాగా ముదిరాకే ఆపరేషన్ చేయించాలి" అనే పాత మాట ఇంకా ఉంది. అది లావు అద్దాల కాలం నాటిది. చూపు పనికి అడ్డం వస్తోందంటే చూపించుకోవచ్చని చెబుదాం. మన వనమూలికల జ్ఞానం మీద మాకు గౌరవం ఉంది. అయినా కంట్లో పసర్లు పోయడం మాత్రం ఆపించాలి, ఉన్న చూపు కూడా పోతుంది.

3. క్యాంపు వస్తే మన కుర్రాళ్లు ఇద్దరైనా వెంట వెళ్లాలి. చుక్కల మందు కాగితం చదివి సొంత భాషలో ఫోన్‌లో రికార్డు చేసి ఇంటివాళ్లకి వినిపించాలి. మళ్లీ చెకప్ ఏ తేదీన, ఎక్కడ అన్నది రాయించుకోకుండా బస్సు దిగొద్దు.

4. ఇంటర్ బైపీసీ తమ్ముళ్లూ చెల్లెళ్లూ, నీట్ రాకపోతే చదువు ఐపోయినట్టు కాదు. ఆప్టోమెట్రీ, ఆఫ్తాల్మిక్ అసిస్టెంట్ కోర్సులు ఉన్నాయి. వివరాలు తెలిసిన సీనియర్లు కింద రాయండి.

5. పాడేరు, ఆసిఫాబాద్, ములుగు లాంటి చోట్ల ఇప్పుడు ప్రభుత్వ మెడికల్ కాలేజీలు వచ్చాయి. అక్కడ ఏడాది పొడుగునా కంటి ఆపరేషన్లు జరగాలని, ఆపరేషన్ తర్వాత చెకప్ ఊరి దగ్గర పీహెచ్‌సీలోనే జరగాలని, గిరిజన భాష వచ్చిన మనిషి అక్కడ ఉండాలని ఐటీడీఏలకి అర్జీ పెడదాం. డ్రాఫ్ట్ మేం రాస్తాం, సంతకాలు మీరు సేకరించండి.

మెడిసిన్ చదువుతున్న అన్నలకి, అక్కలకి విడిగా ఒక మాట. మీరు ఏ స్పెషాలిటీ తీసుకున్నా, ఎక్కడ పనిచేసినా, మన జనం గురించి మీటింగుల్లో ఎవరైనా "అక్కడ ఇంతకన్నా కుదరదు సార్" అన్నప్పుడు, ఆ గదిలో మన వైపు నుంచి మాట్లాడే మనిషి మీరొక్కరే కావచ్చు. అప్పుడు ఊరుకోవద్దు. ఎలా కుదురుతుందో లెక్క వేసి చూపించండి. ఆ డాక్టర్ చేసింది అదే.

మాతో ఒప్పుకోనివాళ్లు ఉంటే కింద రాయండి, మాట్లాడుకుందాం. ఒప్పుకున్నవాళ్లు లైకుతో ఆగకుండా మీ ఊరి పేరు, లిస్టులో ఎంతమంది ఉన్నారో ఆ సంఖ్య రాయండి. పేషెంట్ల పేర్లు మాత్రం ఇక్కడ పెట్టొద్దు.

జై ఆదివాసీ.

మీ హాస్టల్ డిగ్రీ విద్యార్థులం